ఆగని పాట జోల కాదు

రాత్రి పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. అమ్మకు గుండెలో స్టెంటు వేయించి ఇంటికి తీసుకొచ్చి ఆరోజుకి ఐదు రోజులు. మాత్రలు వేసుకుని, చాలాసేపు అటూ ఇటూ ఒత్తిగిలి, పదిన్నరకు కన్ను మూసింది. నేను పక్కనే నవారు మంచం మీద కూర్చుని ఉన్నాను. ఆమె వేలికి తొడిగిన పల్స్ ఆక్సిమీటరులో 66 అని అంకె కనిపిస్తోంది. అప్పుడు మా వీధి చివరి ఫంక్షన్ హాలు నుంచి పెళ్లి బరాత్ కదిలింది.

ముందుగా పాట వినపడలేదు. గూట్లో నీళ్లచెంబు మీద బోర్లించిన స్టీలు గ్లాసు సన్నగా వణికింది. తర్వాత కిటికీ అద్దం జిల్లుమంది. డీసీఎం వ్యాను మీద నిలువెత్తున పేర్చిన డీజే బాక్సులు మా గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆ దరువు చెవిని దాటి నేరుగా రొమ్ము మీద పడుతోంది. అమ్మ లేవలేదు. కళ్లు మూసుకునే ఉంది. ఊపిరి మాత్రం తెగి తెగి వస్తోంది. వేలి మీది అంకె 72 అయింది, 85 అయింది, 97 దాకా పోయింది. వ్యాను మా ఇంటి ముందు పదకొండు నిమిషాలు నిలబడింది. అది మలుపు తిరిగి వెళ్లిపోయాక కూడా ఆ అంకె మళ్లీ డెబ్బై లోపలికి దిగడానికి అరగంట పట్టింది.

తెల్లారాక అడిగాను, "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని. "పట్టిందిరా. మెలకువే రాలేదు. కానీ ఎందుకో ఒళ్లంతా చితక్కొట్టినట్టుంది" అంది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట కోసం రాస్తున్నాను.

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మనకో సామెత ఉంది. అలిసిన మనిషి కటిక నేల మీదైనా నిద్రపోతాడు, నిజమే. కానీ ఆ సామెతను అడ్డం పెట్టుకుని మనం ఒక పెద్ద అబద్ధాన్ని పెంచి పోషించాం. నిద్రొచ్చినవాడికి మోత ఏం అడ్డం అంటాం. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందంటాం. చెవిలో పాట మోగుతుంటేనే నాకు నిద్ర పడుతుందని గర్వంగా చెప్పుకుంటాం. నిద్రకు సుఖం తెలియకపోతే పోనీ, గుండెకు దెబ్బ తెలుస్తుంది. మా అమ్మ వేలి మీద ఆ రాత్రి నేను చదివింది అదే.

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. మనం నిద్రపోయినా వినికిడి పని మానదు. ఆరుబయట పడుకున్న రోజుల నుంచీ మనిషిని కాచుకుంటూ వచ్చిన కాపలా అది. అందుకే గాఢంగా నిద్రపోతున్నవాడు కూడా తన పేరు వినపడితే ఉలిక్కిపడతాడు. పక్కింటి పిల్లాడు గుక్కపట్టి ఏడ్చినా కదలని తల్లి, తన బిడ్డ చిన్నగా మూలిగితే లేచి కూర్చుంటుంది. చప్పుడైన ప్రతిసారీ మెదడు కాస్త పైకి తేలి, ప్రమాదమేమీ లేదని చూసుకుని, మళ్లీ మునుగుతుంది. ఆ క్షణం పొద్దున మనకు గుర్తుండదు. గుండె వేగం పెరిగేది, రక్తపోటు లేచేది, గాఢ నిద్ర పలచబడి కలత నిద్రగా మారేది ఆ క్షణంలోనే. రైలు పట్టాల పక్కన కాపురముండేవాళ్లు కొన్నాళ్లకు రైలు కూతకు లేవడం మానేస్తారు. వాళ్ల గుండె మాత్రం ఆ అలవాటుకు అంత తేలిగ్గా లొంగదని నిద్ర మీద పరిశోధించేవాళ్లు పదేపదే చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పశ్చిమ ఐరోపా లెక్క తీసింది. వాహనాల రొద అక్కడి జనం ఆయుష్షులోంచి ఏటా కనీసం 10 లక్షల ఆరోగ్యకరమైన సంవత్సరాలను మింగేస్తోందని, అందులో 9 లక్షలకు పైగా నిద్రాభంగం వాటానే అని చెప్పింది. గుండెజబ్బుల వాటా కంటే కూడా నిద్ర వాటాయే ఎక్కువ.

రోడ్డు రొదకూ పాటకూ పోలికేమిటని మీరు అడగొచ్చు. ఆ పోలిక పెట్టే పరిస్థితి మనమే తెచ్చుకున్నాం. ఎంత మంచి పాటైనా, ఆపే హక్కు వినేవాడి చేతిలోంచి జారిపోయిన క్షణాన రొద అవుతుంది. నిద్రపోయేవాడి చేతిలో ఏ హక్కూ ఉండదు. కాబట్టి నిద్ర దగ్గరకు వచ్చే పాటకు ఒకే ఒక్క నీతి ఉంది. అది తనంతట తాను ఆగాలి.

ఇలా అంటున్నానని నన్ను పాటకు శత్రువుగా చూడకండి. నిద్రకు పాట చేసే మేలు అమ్మమ్మల మాట మాత్రమే కాదు, లెక్కల్లోనూ తేలిన సంగతి. తైవాన్‌లో 60 ఏళ్లు దాటి, నిద్రపట్టక బాధపడుతున్న 60 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. పడుకునే ముందు 45 నిమిషాలు మెత్తటి సంగీతం, మూడు వారాలు. ఆ సంగీతం నడక నిమిషానికి 60 నుంచి 80 దరువులు, అంటే నిమ్మళంగా ఉన్న గుండె నడకే. ఆరు రకాల టేపుల్లో తమకు నచ్చినది వాళ్లే ఎంచుకున్నారు. విన్నవాళ్ల నిద్ర విననివాళ్ల కంటే బాగుపడింది, వారం గడిచేకొద్దీ ఇంకా బాగుపడింది. 2008లో హంగరీలో నిద్ర సరిగా లేని 94 మంది విద్యార్థులను తీసుకుని, కొందరికి పడుకునే ముందు 45 నిమిషాలు శాస్త్రీయ సంగీతం, కొందరికి అంతేసేపు చదివి రికార్డు చేసిన పుస్తకం వినిపించారు. సంగీతం విన్నవాళ్ల నిద్ర మెరుగైంది. పుస్తకం విన్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. ఇలాంటి అధ్యయనాలన్నింటినీ జల్లెడపట్టే కోక్రేన్ సమీక్ష 2022లో 13 పరిశోధనలను, వెయ్యిమందికి పైగా మనుషులను లెక్కలోకి తీసుకుంది. నిద్రలేమితో బాధపడేవాళ్లు సంగీతం విన్నాక తమ నిద్ర బాగుపడిందని చెప్పారని, ఆ మార్పు చిన్నదేమీ కాదని తేల్చింది.

అంత మేలు చేసే మందును విషంగా మార్చుకున్నామనే నా కోపం. ఈ పరిశోధనల్లో ఎక్కడ చూసినా పాటకు ఒక హద్దు ఉంది. వినేవాళ్లు ఒప్పుకుని విన్నారు. చెవి నొప్పెట్టని మోతాదులో విన్నారు. కొంతసేపే విన్నారు. తెల్లవార్లూ చెవిలో మోగించమని ఈ పరిశోధకుల్లో ఎవరూ చెప్పలేదు. మోగించమన్నది వ్యాపారం.

జోల పాడే అమ్మను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బిడ్డ ఏడుపు హెచ్చుగా ఉన్నప్పుడు గొంతు పెంచుతుంది. ఏడుపు వెక్కిళ్లుగా మారేసరికి తగ్గిస్తుంది. బిడ్డ పిడికిలి సడలిందంటే మాటలు మానేసి కూనిరాగంలోకి దిగుతుంది. జోకొట్టే చెయ్యి నెమ్మదిస్తుంది. ఊపిరి బరువెక్కగానే రాగం ఆపేసి, కాసేపు కదలకుండా చూసి, చెయ్యి తీసేస్తుంది. ఆమె పాడుతున్నంతసేపూ బిడ్డను వింటూనే ఉంటుంది. జోల అంటే వింటూ పాడే పాట. ఏ యాప్‌కీ ఆ చెవి లేదు. నీలాంబరి రాగాన్ని మన సంగీతం లాలికి, పవళింపుకు కేటాయించింది. పొద్దున్నే మేలుకొలుపుకు వేరే రాగాలున్నాయి. ఏ ఝాముకు ఏ పాటో, ఏ ఝాముకు మౌనమో తెలిసిన జాతి మనది.

తిరుమలలో ప్రతి రాత్రీ జరిగే ఏకాంత సేవ చూడండి. భోగ శ్రీనివాసమూర్తిని వెండి గొలుసుల ఊయల మంచం మీద పవళింపజేస్తారు. పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్లపాక వంశీకులు అన్నమయ్య లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. పాట అక్కడితో సరి. మళ్లీ సుప్రభాతం దాకా గర్భగుడిలో నిశ్శబ్దమే. ఏడుకొండలవాడి నిద్రకు కూడా పాట తలుపు దాకానే తోడొస్తుంది, లోపల మోగదు. దేవుడికి అంత మర్యాదగా జోల పాడి తలుపు దగ్గరగా వేసే మనమే, అదే దేవుడి పేరు చెప్పి అర్ధరాత్రి దాకా వీధి వీధంతా బాక్సులు పేలుస్తున్నాం. ఇది భక్తి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏ మతం ఊరేగింపైనా, ఏ పార్టీ విజయోత్సవమైనా, ఎవరి కూతురి పెళ్లైనా నా మాట ఒకటే.

వీధిలో మోత పెట్టేవాడిని తిట్టడం సులువు. మన దిండు కింద మనమే పెట్టుకున్న మోత గురించి కూడా మాట్లాడాలి.

మా అక్క కూతురు ఇంటర్ రెండో ఏడు. హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరా సెలవులకు మా ఇంటికొచ్చింది. ఒక రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచాను. దాని దిండు పక్కన ఫోను తెర వెలుగుతోంది. ఒక ఇయర్‌బడ్ చెవిలోనే ఉంది, రెండోది జారి దుప్పటి మడతలో పడి ఉంది. దాన్ని తీసి నా చెవి దగ్గర పెట్టుకున్నాను. మాంచి ఊపులో ఉన్న మాస్ పాట. అది అయిపోగానే ఒకావిడ గొంతు చించుకుని పర్సనల్ లోన్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. దాని వెనకే ఇంకో పాట. పిల్ల కనురెప్పలు అదురుతున్నాయి. నిద్రలోనే నుదురు ముడిపడుతోంది, విప్పుకుంటోంది, మళ్లీ ముడిపడుతోంది. పద్నాలుగు పుస్తకాలు బుర్రకెక్కించుకుని అలసిపోయిన పదిహేడేళ్ల పిల్ల. ఆ వయసుకు రోజూ ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. దానికి దొరికే ఆరు గంటల్లోకి కూడా అప్పులిచ్చేవాడు దూరి కూర్చున్నాడు.

పొద్దున అడిగితే, "పాటల్లేకపోతే నిద్ర పట్టదు మామయ్యా. హాస్టల్లో రూముకి ఎనిమిది మందిమి. ఒకళ్లు గురకపెడతారు, ఒకళ్లు బట్టీ పడతారు. ఇవి పెట్టుకుంటేనే నాకంటూ ఒక గది ఉన్నట్టుంటుంది" అంది.

"మరి నిద్ర పట్టాక?"

"పట్టాక నాకేం తెలుస్తుంది?"

ఆ పిల్లను తప్పుపట్టలేను. నిశ్శబ్దం దొరకని చోట పిల్లలు పాటతో గోడ కట్టుకుంటున్నారు. ఆ గోడ లోపలి నుంచే దొంగ వస్తున్నాడని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. "పట్టాక నాకేం తెలుస్తుంది" అన్న మాటలోనే ఈ వ్యాపారం మూలధనమంతా ఉంది.

2021లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ అనే నిద్ర శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక సంగతి బయటపెట్టారు. మనకు చెవిలో జోరీగ అన్న మాట ఉంది కదా. పాట ఆగిపోయినా అదే పల్లవి బుర్రలో గింగిరాలు కొడుతుండటం అలాంటిదే. సంగీతం ఎక్కువగా వినేవాళ్లలో ఈ జోరీగ ఎక్కువని, అది రాత్రిళ్లు కూడా వదలదని, దాన్ని తరచూ మోసేవాళ్ల నిద్ర అధ్వానంగా ఉందని వాళ్ల సర్వేలో తేలింది. తర్వాత 50 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలకు పిలిచి, పడుకునే ముందు బాగా పేరున్న పాటలు వినిపించారు. కొందరికి మాటలతో, కొందరికి మాటల్లేకుండా వాద్యాల మీద. మాటల్లేనిదే మెత్తగా ఉంటుందని మనమనుకుంటాం. తెలిసిన పాటను వాద్యం మీద వింటే జోరీగ దాదాపు రెట్టింపు పట్టుకుంది. ఎందుకని? బహుశా మాటలు లేనిచోట మెదడే వాటిని నింపుకుంటూ కూర్చుంటుంది. ఆ జోరీగ పట్టినవాళ్లకు నిద్ర ఆలస్యంగా వచ్చింది, మధ్యలో ఎక్కువసార్లు మెలకువ వచ్చింది, పలచటి నిద్రలో ఎక్కువసేపు గడిచింది. అంటే పాట రెండుచోట్ల ఆగాలి, పెట్టెలోనూ, బుర్రలోనూ. ఈ వారం ఊరూరా మోగుతున్న హిట్ పాటను, దాని వీణ రూపాన్నో వేణువు రూపాన్నో పడుకునే ముందు వినిపిస్తూ అది నిద్రకు మంచిదని అమ్మేవాడు మనల్ని మోసం చేస్తున్నాడు.

"స్లీప్ మ్యూజిక్" అన్న చీటీ అంటించిన డబ్బాలో ఏముందో కూడా చూశారు. 2023 జనవరిలో అచ్చయిన ఒక పరిశోధన స్పాటిఫైలో నిద్ర పేరుతో ఉన్న 985 ప్లేలిస్టులను, వాటిలోని 2,25,626 పాటలను పరిశీలించింది. మొత్తం మీద అవి మిగతా సంగీతం కంటే నెమ్మదిగా, మెత్తగా, ఎక్కువగా వాద్యాలతోనే ఉన్నాయి. కానీ వాటి మధ్యనే హుషారైన పాప్ పాటలు, కొరియా బృందం బీటీఎస్ వాళ్ల డాన్సు పాటతో సహా, దర్జాగా కూర్చుని ఉన్నాయి. మందుల షాపువాడు నిద్రమాత్రల సీసాలో కాఫీ గింజలు కలిపితే ఊరుకుంటామా?

లెక్క ఎక్కడ తెగుతుందో చూడండి. స్పాటిఫై లాంటి పాటల సేవల్లో పాట 30 సెకన్లు మోగితే చాలు, ఒకసారి విన్నట్టు లెక్క. వినేవాడు మేలుకుని ఉన్నాడా, గురకపెడుతున్నాడా అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. వాన చప్పుడు, ఫ్యాన్ చప్పుడు చిన్న చిన్న ముక్కలుగా కోసి రాత్రంతా మోగించి డబ్బు చేసుకునేవాళ్లు ఎంతగా పెరిగారంటే, చివరికి స్పాటిఫై తానే 2024 నుంచి అలాంటి చప్పుళ్లకు కనీసం రెండు నిమిషాల నిడివి ఉండాలని నిబంధన పెట్టుకోవాల్సి వచ్చింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతోనేనని బాహాటంగా చెప్పాడు. ఆయన నిజం చెప్పాడు. నిద్రపోతున్న మనిషి ఈ లోకంలో ఏమీ కొనడు, ఏమీ చూడడు, ఎవరికీ లాభం తెచ్చిపెట్టడు. రోజులో మన సొంతంగా మిగిలిన ఆఖరి చోటు అది. అక్కడ కూడా ఆటోప్లే అనే గుంజ పాతేశారు. ఒకప్పుడు రాత్రి పొద్దుపోయాక ఆకాశవాణి ప్రసారాలు ముగించి సెలవు తీసుకునేది. రేడియో మూగబోతే ఇంట్లో లైటు తీసేసేవాళ్లు. వినేవాళ్లు నిద్రపోవాలన్న స్పృహ ఆ పెట్టెకు ఉండేది. ఈ పెట్టెకు లేదు.

మళ్లీ వీధిలోకి వస్తాను. చట్టం లేదనుకోకండి. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. జనావాసాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్, ఆసుపత్రులు, బడుల చుట్టూ 40 డెసిబెల్స్ మించకూడదు. ఆ ఎనిమిది గంటలూ ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టడానికే వీల్లేదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అంతే. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ పది-ఆరు నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. 2012లో రామ్‌లీలా మైదాన్ కేసులో ప్రశాంతంగా నిద్రపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మా వీధిలో బరాత్‌లు ఆగలేదు. ఆ రాత్రి నేను పోలీసులకు ఫోన్ చేశాను. "పెళ్లి కదా సార్, పది నిమిషాల్లో పోతార్లెండి" అన్నారు. ఆ పది నిమిషాలు మా అమ్మ వేలి మీద నేను లెక్కపెట్టాను.

డెసిబెల్ అన్న మాట చాలామందికి ఏదో మార్కుల్లా కనిపిస్తుంది. నలభై ఐదుకీ నూట ఐదుకీ అరవై తేడా, రెట్టింపు కంటే కాస్త ఎక్కువ అనుకుంటారు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. అరవై పెరిగితే పది లక్షల రెట్లు. డీజే బాక్సుల ఎదుట వంద దాటడం మామూలు సంగతి. ఇంకో మోసం ఉంది. మన నియమాల్లో వాడే కొలత డీబీ(ఏ). మనిషి చెవి తీరును బట్టి తయారైన కొలత కాబట్టి, మంద్రంగా గుద్దే బేస్‌ను తగ్గించి లెక్కిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ కోసేస్తుంది. గోడలు ఆపలేనిది, కిటికీ అద్దాన్ని ఊపేది, రొమ్ము మీద పడేది సరిగ్గా ఆ బేసే. మీటరు సగం చూసి ఊరుకున్నదాన్ని మా ఇంటి స్టీలు గ్లాసు పూర్తిగా చూసింది. రాత్రి వేళ బేస్‌ను విడిగా కొలిచే నియమం రావాలని, వచ్చేదాకా అడుగుతూనే ఉండాలని నా వాదన.

నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటలు తెలుసు. మన ఊళ్లలో రాత్రంతా బుర్రకథలు, తోలుబొమ్మలాటలు, వీధి భాగవతాలు లేవా, అప్పుడెవరికీ నిద్ర చెడలేదా అంటారు. ఉన్నాయి. చూడాలనుకున్నవాళ్లు చాపా దుప్పటీ చంకన పెట్టుకుని వెళ్లారు. నిద్రొచ్చినవాళ్లు ఇంట్లో పడుకున్నారు. కథకుడి గొంతు, గుమ్మెట చప్పుడు ఊరి ఆ చివరి బాలింత గుండె మీద వచ్చి పడలేదు. శివరాత్రి జాగరణ కూడా ఎవరికి వాళ్లు పూనుకునే వ్రతం. ఎవడో వచ్చి నా చేత బలవంతంగా జాగరణ చేయిస్తే దానికి పుణ్యం రాదు.

పెళ్లి జీవితంలో ఒక్కసారే కదా అంటారు. మీ ఇంట్లో ఒక్కసారే. ఫంక్షన్ హాలు పక్కనున్న ఇంట్లో ముహూర్తాల నెలంతా. ఆ ఇళ్లలో పసిపిల్లలున్నారు, పరీక్షలు రాసేవాళ్లున్నారు, ఉదయం నాలుగింటికి బస్సు తీసే డ్రైవర్లున్నారు. కన్ను మండుతూ స్టీరింగ్ పట్టుకున్న ఆ మనిషి బస్సులోనే మీ పెళ్లికొచ్చిన చుట్టాలు ఊళ్లకు తిరిగి వెళతారు.

అప్పు చేసి బాక్సులు కొనుక్కున్న కుర్రాళ్ల పొట్ట కొడతారా అంటారు. ఇది నేను తేలిగ్గా తీసుకునే మాట కాదు. వాళ్లు మన పిల్లలే. కానీ చట్టం వాళ్ల పనిని ఆపలేదు, పది తర్వాత ఆపమంది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పదికి ముగించే బరాత్‌కూ వాళ్లకు కిరాయి ముడుతుంది. అసలు ఆ మోతకు మొదట బలయ్యేది వాళ్ల చెవులే. పాతికేళ్లకే చెవిలో హోరుతో తిరిగే కుర్రాడికి నేను శత్రువునా, ఏమీ పట్టనట్టు వాడి చేత ఇంకో గంట మోగించే పెళ్లిపెద్ద శత్రువా?

కాబట్టి నేను అడిగేది ఇది. ఫంక్షన్ హాలు యజమాని పది గంటలకు పాట ఆపించాలి, ఆపించకపోతే లైసెన్సు పోవాలి. పోలీసు స్టేషనులో ఫోనెత్తినవారు పెళ్లి కదా అన్న మాట మానేయాలి. పెళ్లిపిలుపులు అచ్చువేయించేటప్పుడే పెద్దలు బరాత్ ముగిసే వేళ నిర్ణయించుకోవాలి. సంగీతం అమ్మే యాప్‌లు రాత్రి పది దాటాక ఆటోప్లేను వాటంతట అవే ఆపేయాలి, నిద్ర పేరున్న జాబితాల్లో ప్రకటన వినిపించడం నేరం కావాలి. హాస్టళ్లలో పిల్లలకు తిండి కొలిచిపెట్టినట్టే నిశ్శబ్దం కూడా కొలిచిపెట్టాలి.

ఇక ఇంట్లో మనం చేసుకునేది. దీనికి ఏ ప్రభుత్వం అక్కర్లేదు. పడుకునే ముందు పాట వినండి, తప్పకుండా వినండి. నెమ్మదిగా నడిచేది, మీ మనసుకు నచ్చింది, నాలుకకు అతుక్కుపోని రాగం వినండి. చెవిలో కాకుండా గదిలో, పక్క గదికి వినపడనంత మెల్లగా పెట్టుకోండి. ముప్పావుగంటకు ఆగేలా టైమరు పెట్టండి. ఫోనును చేతికందనంత దూరంలో ఉంచండి. ప్రకటనలు దూరకుండా పాటను ముందే దించి పెట్టుకోండి. ఏదైనా పల్లవి మిమ్మల్ని పట్టుకుంటే, ఆ పాటను పగటికి మార్చండి.

మా అక్క కూతురితో మిగిలిన సెలవులన్నీ ఇదే చేయించాను. దానికి అసలు తెలియని ఒక వేణువు ఆలాపన వెతికి, ముప్పావుగంటకు టైమరు పెట్టి, ఫోను గూట్లో పెట్టాను. మొదటి రెండు రాత్రులూ నిద్ర పట్టలేదని నన్ను సాధించింది. మూడో రాత్రి వేణువు ఆగక ముందే పడుకుంది. నేను రెండింటికి లేచి చూశాను. నుదురు ముడిపడలేదు. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, వేళ్లు విచ్చుకుని ఉన్నాయి.

ఐదో రాత్రి అమ్మకు మళ్లీ నిద్ర పట్టలేదు. స్టెంటు భయం ఇంకా వదల్లేదు, కళ్లు మూస్తే మళ్లీ ఏ బరాత్ వస్తుందోనని ఉందంది. పిల్ల వెళ్లి అమ్మమ్మ మంచం మీద కూర్చుంది. చిన్నప్పుడు అమ్మమ్మ తనకు పాడిన లాలినే మెల్లగా అందుకుంది. కొన్ని మాటలు మరిచిపోయి రాగంతో నెట్టుకొచ్చింది. నేను వేలి మీది అంకె చూస్తూ కూర్చున్నాను. 78, 74, 69. అమ్మ దవడ వదులైంది. పిల్ల అమ్మమ్మ మొహంలోకి వంగి చూసి, మాటలు మానేసి, కూనిరాగంలోకి దిగి, చరణం మధ్యలోనే ఆపేసింది. 64.

మేమిద్దరం మునివేళ్ల మీద నడిచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేశాం.